నీలం జెర్సీలో నిచ్చెన

ఏమే, బ్యాగు అలా మూలకి విసిరికొట్టావు? యూనివర్సిటీ టీమ్‌కి సెలెక్ట్ అయ్యానని పొద్దున్న ఎగిరి గంతేశావుగా. ఆఁ? ఆ కాలేజీ పిల్లలతో కలిసి ఆడవా? బాగుంది. మా ఈల మేడమ్ ఉంటే నీ పని పట్టేది. ఎవరంటే, మా రోజుల్లో యూనివర్సిటీ ఆడపిల్లల వాలీబాల్ కోచ్. మెడలో గొలుసుండేది కాదు, ఈల ఉండేది. పెళ్లి ఫొటోలో కూడా ఉందనేవాళ్లు, నేను చూడలేదనుకో. మనిషి పొట్టి. అరిచిందంటే మాత్రం గ్రౌండ్ అవతల క్యాంటీన్‌లో టీ తాగేవాడికి పొలమారేది.

అప్పుడూ ఇదే గోల. మాది స్టేషన్ కాలేజీ, నీలం జెర్సీ. కొండ మీది కాలేజీ వాళ్లది ఎరుపు. ఏడాదంతా ఉప్పూ నిప్పూలా ఉండి, చివర్లో రెండు చోట్ల నుంచీ ఏరి ఒక టీమ్ చేస్తే కుదురుతుందా? మా సెట్టర్ ఉందే, అదే, కొట్టేవాళ్లకి బంతి పైకి లేపి అందించే పిల్ల, అది మా కాలేజీదే. ప్రతి బంతీ మా నీలం పిల్లకే లేపేది. వాళ్ల కాలేజీ పిల్ల ఒకతి, నిచ్చెన అనేవాళ్లం, అంత పొడుగు, పాపం ఎగిరెగిరి ఉత్త చేతులతో దిగేది. నేనా? నేను బెంచీ మీద. నీళ్లందించడానికీ ఒకరుండాలిగా.

ఏటా వేరే యూనివర్సిటీలతో పోటీకి వెళ్లడం, మొదటి మ్యాచ్‌కే ఓడి మూటా ముల్లే సర్దుకుని రావడం. ఆ ఏడు యూనివర్సిటీ స్పోర్ట్స్ సెక్రటరీ మా మేడమ్‌ని పిలిచి, ఈసారీ అంతే అయితే ఇక ఆడపిల్లల టీమే ఉండదన్నాడట. ఆవిడ మా దగ్గర దాచలేదు. చెప్పేసి, ప్రాక్టీసులో జెర్సీలు మార్చుకోండి అంది. మావి వాళ్లకి, వాళ్లవి మాకు. ఉతికే పని కూడా వేసుకున్నవాళ్లదే. సెట్టరైతే సవతి విడిచిన బట్ట కట్టుకోమన్నట్టు ఏడ్చింది. కానీ చూడు, దాని చేతులు నీలం రంగుకి అలవాటు పడ్డాయి కదా, చూసుకోకుండా నీలానికే బంతి లేపింది. ఆ నీలంలో ఉన్నది నిచ్చెన. కొట్టిందే ఒక్కటి, జిమ్నాజియం రేకులు అదిరాయి. సెట్టర్ మొహం చూడాలి, సొంత ఇంటికి తనే కన్నం వేసినట్టు.

ఎక్కడున్నాను? ఆఁ, మ్యాచ్. అసలు మ్యాచ్‌కి అందరికీ ఒకే తెల్ల జెర్సీ ఇచ్చారు. ఇక నీలమెక్కడిది? సెట్టర్ మళ్లీ మొహాలు చూసి మా పిల్లకే లేపడం మొదలెట్టింది. మొదటి సెట్ పోయింది. రెండోదీ చేజారేలా ఉంటే మేడమ్ టైమవుట్ అడిగి, ఆట ఆపించి మమ్మల్ని పిలిచింది. మేం తిట్లకి సిద్ధమయ్యాం. తిట్టలేదు.

"బంతి ఎవరికిస్తావో నీకు తెలుసు, నాకు తెలుసు. అవతల వాళ్లకీ తెలిసిపోయింది. ఇద్దరు ముందే వచ్చి అక్కడ చేతులెత్తుకుని నిలబడుతున్నారు. నిచ్చెన ముందు ఒక్కరూ లేరు," అంది సెట్టర్‌తో. అంతే, పొమ్మంది.

తర్వాతి బంతి నిచ్చెనకి లేపింది. అడ్డం ఎవరున్నారు? ఆ దెబ్బకి అవతలి పిల్లలు బంతికి దారిచ్చారు. ఇక రెండు వైపులా ఎవరికి లేపుతుందో తెలీక వాళ్లు అటూ ఇటూ పరుగులు. గెలిచాం. సెట్టర్ నిచ్చెన నడుం పట్టుకుని వేలాడుతూ, "మా పిల్లే, మా పిల్లే" అని ఊరంతా వినేలా అరిచింది. రెండో మ్యాచ్‌లో ఓడిపోయాంలే, అది వేరే సంగతి. టీమ్ మాత్రం నిలిచింది. నిలవబట్టేగా నువ్విలా మూతి ముడుచుకుని కూర్చున్నావు.

మేడమ్ పోయినప్పుడు సంతాప సభలో మా ప్రిన్సిపాల్ లేచి, ఆవిడ మా కాలేజీ ఆణిముత్యం అన్నాడు. కొండ మీది కాలేజీ ఆవిడ లేచి, కాదు, మా దగ్గరే చదివింది అంది. మైకు లాక్కున్నంత పని చేశారు. మా అందరికీ ఒకటే నవ్వు, చావు ఇంట్లో నవ్వినట్టు. బతికుండగా ఎవరైనా ఆ మాట అడిగితే, గ్రౌండ్ చుట్టూ పరిగెత్తి రమ్మనేది. ఎక్కడ చదివిందో తర్వాతెప్పుడో ఆవిడ చెల్లెలు నాకు చెప్పిందనుకో.

ఏ కాలేజీ అంటావా?

... ఆ కిటికీ వేసిరా, జల్లు లోపలికి కొడుతోంది.