పరీక్ష మధ్యలో లేచొచ్చిన ఇమెల్డా

"అప్పుడే అయిపోయిందా?"

"అయిపోయింది. పద, పోదాం."

"అయిపోవడమేంటమ్మా? నీతో లోపలికెళ్లినవాళ్లు ఒక్కరు కూడా బయటికి రాలేదు."

"వాళ్ల సంగతి మనకెందుకు? కారు పెనంలా కాలిపోతోంది, ముందు ఏసీ వెయ్యి."

టెక్సస్ దక్షిణపు కొస, ఆగస్టు ఎండ, కమ్యూనిటీ కాలేజీ పరీక్షల గది ఎదుట కార్లు ఆపే చోటు. వృద్ధాశ్రమంలో ఆయాగా చేసే ఇమెల్డా నర్సు కోర్సులో చేరదామని, తనను ఏ లెక్కల తరగతిలో వెయ్యాలో తేల్చే పరీక్షకు వచ్చింది. తీసుకొచ్చినది కూతురు యరేలీ, అదే కాలేజీలో రెండో ఏడు.

"మాట మార్చకు. ఎలా చేశావు?"

"ఏదో చేశా."

"ఏదో అంటే?"

"నా వల్ల కాలేదే. లేచొచ్చేశాను. చాలా?"

"లేచొచ్చేశావా! మధ్యలోనా?"

"అరవకు, అందరూ చూస్తున్నారు."

"చూడనీ! వేసవంతా పక్కన కూర్చుని భిన్నాలు నేర్పానే! హోటల్లో బిల్లు పంచడం కూడా రాని మనిషివని తెలిసీ ఓపిక పట్టి నేర్పానే!"

"నేర్పావు. బాగా నేర్పావు."

"మరేమొచ్చింది?"

"మొదట్లో బానే ఉంది. భిన్నాలు, శాతాలు. తర్వాత అంకెల మధ్యలో అక్షరాలొచ్చాయి. ఆ తర్వాత ఏవో వంకర గీతలు. చేసేకొద్దీ ముదురుతున్నాయి. ఇంక లాభం లేదనుకున్నా."

"నేనీ పరీక్ష రాసినప్పుడు అలాంటివి రానే లేదే! నాకు చేసేకొద్దీ తేలికవే వచ్చాయి. అయినా తీసుకెళ్లి అట్టడుగు తరగతిలో పడేశారు. ఆ కంప్యూటర్లో ఏదో తేడా ఉందని నేను అప్పుడే చెప్పాను, ఎవరు విన్నారు? నీకూ అదే ఇచ్చుంటారు."

"అదే అయ్యుంటుంది. పద."

"పదేంటి, పద! ఇది గట్టెక్కకపోతే కింది తరగతులు చదువుకుంటూ కూర్చోవాలి. ఈ ఏడు నర్సు కోర్సుకి దరఖాస్తు పెట్టలేవు. ఇంకో ఏడాది ఆ ముసలోళ్ల దుప్పట్లే మారుస్తావా?"

"మారుస్తా. వాళ్లేం చేశారు పాపం? ఆ ఎల్వీరా అయితే నేను పెడితే తప్ప ముద్ద ముట్టదు."

"మరి మొన్న ఇంటికొచ్చి ఏడ్చిందెవరు? ఆవిడ నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే, మందు కళ్లెదురుగానే ఉన్నా ఆయాను కాబట్టి నేను ఇవ్వడానికి లేదు, నర్సు వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నానని ఏడ్చిందెవరమ్మా? నేనా?"

"అది వేరు."

"ఏం వేరు?"

"నీ డ్యూటీకి టైమవుతోంది. లేటైతే మీ టాకోల హోటలాయన ఊరుకోడు."

"ఊరుకోకపోతే పోనీ. నువ్వు చెప్పు..."

"ఇమెల్డాగారూ! ఇమెల్డాగారూ, ఒక్క నిమిషం!"

"అయ్యో, వచ్చేశాడు. కారెక్కు, కారెక్కు."

"ఎవరాయన?"

"పరీక్ష గది చూసుకునే కాంతూగారు. పోనియ్యవే కారు!"

"తాళాలు నా దగ్గరున్నాయి, పోనివ్వను. సార్! ఇటు, ఇటు రండి!"

"హమ్మయ్య, దొరికారు. ఏంటండీ, చెయ్యెత్తి ఒక్క మాటైనా చెప్పకుండా లేచొచ్చేశారు? ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నానండీ. లెక్కలు కష్టంగా ఉన్నాయి, అంతే."

"కష్టంగా ఉండవా మరి! ఒకటి సరిగ్గా చేస్తే కంప్యూటరు ఇంకా గట్టిదిస్తుంది. తప్పు చేస్తే తేలికదిస్తుంది. మనిషి ఎక్కడిదాకా వెళ్లగలరో చూడ్డానికేనండీ ఆ పరీక్ష."

"ఆగండాగండి సార్. తప్పు చేస్తే తేలికదిస్తుందా?"

"అంతేనమ్మా."

"చేసేకొద్దీ అన్నీ తేలికవే వస్తే?"

"అన్నీ తేలికవే వస్తే... ఆ పిల్లో పిల్లాడో మొదట్నించీ నేర్చుకోవాలన్నమాట. ఎందుకమ్మా?"

"ఏం లేదు సార్. ఊరికే అడిగా. అమ్మా, నవ్వకు!"

"నేనెక్కడ నవ్వానే?"

"ఇమెల్డాగారూ, ఈ వారంలో ఎవరూ వెళ్లనంత దూరం వెళ్లారు మీరు. మీ తెర మీదున్న లెక్కేంటో నాకే అర్థం కాలేదు, నిజం చెప్తున్నా. లేచి రండి. ఐదింటికి గది మూసేస్తాం. అప్పటిదాకా మీ పరీక్ష ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది. ఆ తర్వాత ముట్టుకోని ప్రశ్నలన్నీ కంప్యూటరు తప్పుల కింద రాసేసుకుంటుంది, ఇక నా చేతుల్లో ఏం ఉండదు. మళ్లీ రాయాలంటే వచ్చే ఏడే."

"రాలేనండీ."

"రాలేనంటే ఎలాగండీ? తలుపు దగ్గర నిలబడతాను. రండి."

"మీరు పదండి సార్, నేను తీసుకొస్తా. అమ్మా, విన్నావా? ఎవరూ వెళ్లనంత దూరం వెళ్లావట!"

"విన్నాను."

"మరి ఎగిరి గంతెయ్యవేంటి? కనీసం అవునా అనైనా అనలేదే!"

"అవునా."

"ఇప్పుడు కాదు! ఆయన చెప్తుంటే నీ మొహం చూశాను. నీకు ఇదంతా ముందే తెలుసు."

"తాళాలిటియ్యి."

"తెలుసా, తెలీదా?"

"మొదలుపెట్టేముందే ఆయన అందరికీ చెప్పాడు. బాగా చేస్తే గట్టివొస్తాయని."

"తెలిసే లేచొచ్చావా? మతిపోయిందా అమ్మా నీకు? అసలు ఆ వంకర గీతలవీ నీకెలా వచ్చాయి? నేను నేర్పలేదు. నాకే రావు."

"నువ్వే నేర్పావు."

"నేను భిన్నాలు దాటలేదు! కాంతూగారి లెక్కన చూస్తే ఆ భిన్నాలు కూడా సరిగ్గా నేర్పానో లేదో."

"రెండుచోట్ల తప్పు చెప్పావు."

"ఏంటీ?"

"ఉత్సాహంగా చెప్తున్నావు కదా, పోనీలే అని ఊరుకున్నా."

"అమ్మా! నాకు ఊహ తెలిసినప్పట్నించీ ఏం చెప్తున్నావు? లెక్కలు రాక తొమ్మిదో తరగతిలోనే బడి మానేశానంటావు. అమ్మమ్మా అదే అంటుంది. మావయ్యలు ఇప్పటికీ అదే చెప్పి ఏడిపిస్తారు. బిల్లు నాకిచ్చి నువ్వే పంచు తల్లీ అనేదానివి! ఆ వంకర గీతలు బడి ఆఖరేడులో గాని చెప్పరు. అదీ ఎవరికి? బాగా వచ్చినవాళ్లకి! ఎందుకు చెప్పావు ఆ అబద్ధం?"

"నువ్వు అడిగేదానివి. ఎందుకు మానేశావమ్మా, ఎందుకు మానేశావమ్మా అని ఒకటే గోల. ఏదో ఒకటి చెప్పాలిగా."

"నిజం చెప్పొచ్చుగా."

"చిన్నపిల్లవి. తర్వాత అదే అలవాటైపోయింది. ఇందాక అక్కడ కూర్చుంటే, ఒక్కోటీ సరిగ్గా పడుతుంటే ముందు సంతోషమేసింది. తర్వాత భయమేసింది. మార్కుల కాగితం చూస్తే నువ్వు మళ్లీ అదే అడుగుతావని."

"అడుగుతున్నా. ఎందుకు మానేశావు?"

"తలుపు దగ్గర ఆయన చెయ్యూపుతున్నాడు. నేను లోపలికి పోతా, నువ్వు డ్యూటీకి పో."

"చెప్పి పో."

"బాధపడకూడదు. నేను ఒక్కనాడూ పడలేదు, ఒట్టు."

"చెప్పమ్మా!"

"ఈ కాంతూగారిలాగే, బడి ఆఖరేడులో ఒకరోజు మా లెక్కల టీచరమ్మ ఇంటిదాకా వచ్చింది, బడికి రమ్మని బతిమాలడానికి. పొట్ట కనబడుతుందని నేను తలుపు తియ్యలేదు. నువ్వు అప్పటికి ఆరో నెల."