ఎంపీగారి అక్క మీద దురాయి

మా అమ్మ కావేరమ్మ ఉంది చూడండి, ఆమెకి మొట్టమొదట గుండెలో కలుక్కుమనింది యాడంటే, రచ్చ కాడ, పసుపునీళ్ళ బిందె ముందర. తన సొంత తమ్ముడు ఏకాంబరం ఎంపీకి నిలబడితే, ఊరంతా వరసకట్టి ఆ బిందెలో చెయ్యి ముంచి, ఆయనకే ఓటేస్తామని ప్రమాణం చేస్తా ఉండారంట. సముద్రం మీద బతికే మా పట్టపోళ్ళ పల్లెల్లో దురాయి అని ఒకటుంది, మీకు తెలుసో తెలీదో. కాపులు, అంటే మా ఊరి పెద్దలు, కూర్చుని ఒక మాట అన్నారంటే అది కట్టు. దాటినోళ్ళతో ఎవురూ మాట్లాడకూడదు, పొయ్యిలోకి నిప్పు ఇవ్వకూడదు, గంపలో చేప వెయ్యకూడదు. ఆ పొద్దు దురాయి ఏందంటే, ఓట్లన్నీ ఏకాంబరానికే. అక్కకి సంతోషించే మాటే గదా. మరి అమ్మ వంతు వచ్చేసరికి ఏమైందంటే, చెయ్యి ముందుకు రాలేదంట. ముందర నిలబడినోళ్ళ మొకాలు చూసిందంట, ఒక్క మొకంలో నవ్వు లేదంట. తమ్ముడేమో కాపుల పక్కన కుర్చీలో ఉండాడు, ముంచు అక్కా అన్నట్టు చూస్తా ఉండాడు. అమ్మ అనింది, "నా చంకన పెరిగినోడికి ఓటెయ్యమని నాకు బిందె చెప్పాల్నా? వాడికే వేస్తా. భయపడి మాత్రం వెయ్యను." పెద్దకాపు ఆరుముగం తాత ఊరుకుంటాడా? ఈ పొద్దు అక్క ముంచకపోతే రేపు ఊళ్ళో ఇంకెవురు ముంచుతారు అన్నాడంట. అంతే, మా ఇంటి మీద దురాయి పడింది. తమ్ముడు నోరెత్తలేదు.

ఆ తమ్ముడు ఎవురనుకున్నారు? చిన్నప్పుడే అమ్మానాయనా పోతే, అక్క ఎండుచేపల గంప నెత్తినెత్తుకుని మెట్ట ఊళ్ళన్నీ తిరిగి చదివిచ్చిన పిల్లోడు. చదువంటే ఇంటరే అనుకోండి, మా పల్లెలో అప్పటికి అదే పెద్దది. పక్క రాష్ట్రం మరబోట్లు వచ్చి మనోళ్ళ వలలు తెంపుకుని పోతా ఉంటే, అందరూ ఒడ్డున నిలబడి తిట్టుకునేవోళ్ళేగాని ఎవురూ పోలేదంట. ఈయన పోయినాడు. పడవలేసుకుని పోయి ఒక మరబోటుని చుట్టుముట్టి, తాళ్ళు కట్టి ఒడ్డుకి ఈడ్చుకొచ్చినాడు. అందులో ఉండే కుర్రోళ్ళకి మళ్ళా అన్నం పెట్టించినాడంట, వాళ్ళూ కూటికోసం వచ్చినోళ్ళే గదా అని. కలెక్టరు వచ్చి వలలకి నష్టం ఇప్పిస్తానన్న దాకా బోటు వదల్లేదు. తీరం పొడుగునా పేరు పాకింది. పార్టీవోళ్ళు కార్లేసుకుని వచ్చి టికెట్టు చేతిలో పెట్టినారు. మంచోడు కాదని నేననను. మంచోడే. అదే గదా బాధ.

గెలిచినాడు. మా ఊరికి ఊరేగింపుగా వచ్చినాడు, జీపు మీద నిలబడి, మెడ కనపడకుండా దండలు. అమ్మ గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడిందంట. నేను ఆమె కొంగు పట్టుకుని ఉండాను, నాకు కొంచెం కొంచెం గుర్తు. జీపు మా ఇంటి ముందర నిదానించింది. దిగుతాడనుకున్నాం. ఆరుముగం తాత వెనకనుంచి భుజం మీద చెయ్యేసినాడు. ఏమైందంటే, మామ మా వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టినాడు. దోవ పొడుగునా ఓటర్లకి పెట్టుకుంటా వచ్చిన దణ్ణమే, అదే నవ్వు. జీపు పోయింది. అమ్మ లోపలికొచ్చి కర్పూరం దానంతటది ఆరిందాకా పళ్ళెం పట్టుకునే కూర్చునింది.

ఇంకోటి చెప్పాలి, లేకుంటే మీకు అర్థం కాదు. ఎవురి కోసం దురాయి వేసినారో ఆ మనిషే వచ్చి, కాపుల ముందర నిలబడి, తీసెయ్యండి అని అడగాల. అప్పుడే తీస్తారు. మాకోసం అడగాల్సింది మామే. ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా డ్రైవరు చేత చీకటిపడ్డాక కబురు పంపేవాడు, అడిగినానక్కా, కాపులు ఒప్పుకోవడం లేదు, ఈ ఎలక్షన్ కానీ అని. అమ్మ నమ్మింది. పాపం, వాడేం చేస్తాడు, ఊరు అట్టాంటిది అనేది. ఒడ్డున మాకు ఎవురూ చేప ఇయ్యకపోతే టౌనుకి నడిచిపోయి ఎండుచేపలు కొనుక్కుని, మళ్ళా మెట్టకి నడిచేది. ఆ గంపతోనే నన్ను హాస్టల్లో పెట్టి డిగ్రీ చదివిచ్చింది. మామ ఢిల్లీలో లేచి వలల గురించి తెలుగులో మాట్లాడినాడని ఊరంతా టీవీ ముందర చేరితే, అమ్మ పోతే అందరూ లేచిపోతారని, గోడ అవతల సందులో నిలబడి వినింది. వచ్చి నాతో, "గొంతు బొంగురుపోయింది వాడికి, నీళ్ళు మారినాయి గదా" అనింది. అంతే.

రెండోసారీ గెలిచినాడు. మూడోసారి పల్లెలు రెండుగా చీలిపోయినాయి, బిందెలో చెయ్యి ముంచినోళ్ళే వేరేవాడికి వేసినారు. ఓడిపోయినాడు. పార్టీ మొకం చాటేసింది. కార్లు పోయినాయి, మనుషులు పోయినారు, అత్తా పిల్లలూ హైదరాబాదులోనే ఉండిపోయినారు. అప్పుడొచ్చినాడు రచ్చ కాడికి. అమ్మని కూడా పిలిపించినారు. మామ తలొంచుకుని, మా అక్క మీద దురాయి తీసెయ్యండి అన్నాడు. ఆరుముగం తాత వక్క నములుతా నములుతా, "తీసేసినాం పో. ఎప్పుడడిగినా తీసేవాళ్ళమే గదయ్యా. నువ్వు అడిగితే గదా" అన్నాడు. వెక్కిరింపుగా కూడా కాదు, ఊరికే, ఉన్న మాట చెప్పినట్టు చెప్పినాడు. అమ్మ మామ వైపు చూసింది. మామ తల పైకెత్తలేదు.

ఆ సాయంత్రమే ఊరోళ్ళంతా మా ఇంటికొచ్చినారు. ఏం వదినా, ఏం పిన్నీ అని ఒకటే పలకరింపులు. అమ్మ అందరితో మాట్లాడింది, నవ్వింది కూడా. చివర్లో మామ వచ్చి "అక్కా" అన్నాడు. అమ్మ పీట వేసింది, అన్నం పెట్టింది, కూర వడ్డించింది. మాట లేదు. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా లేదు.

ఇప్పుడు మామ ఈ ఊళ్ళోనే, తన ఇంట్లో మంచంలో ఉండాడు. పక్షవాతం, ఒక పక్కంతా పడిపోయింది. రోజూ పొద్దున్నే అమ్మ చేపల పులుసు కాచి గిన్నెలో పోసిస్తాది, నేను తీసకపోయి తాగిస్తా. తాగినంతసేపూ నా మొకమే చూస్తాడు. "అమ్మ ఏమన్నా అనిందా పాపా" అంటాడు. లేదు మామా అంటాను. నిన్న డాక్టరు వచ్చి, ఇంక పిలవాల్సినోళ్ళని పిలవండి అని చెప్పి పోయినాడు. మామ నా చెయ్యి పట్టుకుని, "ఒక్క మాటమ్మా. తిట్టినా సరే" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచినాను. చచ్చిపోతా ఉండాడు, ఇంకా పంతమేందమ్మా అని. అమ్మ పొయ్యి కాడ నుంచి లేవలేదు. "పంతం కాదే. మాట్లాడాలనే దోవంతా అనుకుంటా పోయినా మొన్న, వాడి గడప దాకా పోయినా. నోరు తెరిస్తే రాలేదే, నేనేం చెయ్యను" అని ఏడ్చింది. మా అమ్మ ఏడవడం నేను చూసింది అదే మొదలు.

కాపులేసిన దురాయి అయితే కాపుల్ని అడగొచ్చు. దీనికి ఎవురి ముందర పోయి నిలబడాల? అబద్ధాలు చెప్పి చెప్పి అమ్మని ఇంత చేసిన మనిషికి, అమ్మ నువ్వెట్టుండావని అడిగింది మామా అని నేనూ ఒక అబద్ధం చెప్పేదా? చెబితే ప్రశాంతంగా పోతాడేమో. అమ్మకి తెలిస్తే నాతో కూడా మాట్లాడదేమో. చెప్పకపోతే ఆ చూపు నేను మొయ్యలేను. పులుసు పొయ్యి మీద ఉడకతా ఉంది, ఇంకాసేపట్లో గిన్నె నా చేతికిస్తాది. మీరే చెప్పండి, పోయి ఏం చెప్పమంటారు?