చింతపండుతో తోమిన ఉక్కు ముక్కలు

1962 జులై 9వ తేదీన మహబూబ్‌నగర్‌లోని మా కళాశాల రసాయనశాస్త్ర శాఖలో డిమాన్‌స్ట్రేటరుగా అడుగుపెట్టిన శ్రీ దస్తగిరి గారు, ముప్పై నాలుగు సంవత్సరాల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. అచ్చంపేట నుంచి వచ్చిన ఈ సౌమ్యమూర్తి ఒక్కనాడైనా తరగతికి ఆలస్యంగా రాలేదు.

నలభై అయిదేళ్ళ వయసులో, 1983లో, వారు డాక్టరేటు పరిశోధనకు పూనుకున్నారు. సూర్యునిలో వలె పరమాణు కేంద్రకాలను కలిపి శక్తిని పుట్టించే సంలీన రియాక్టరులో, వేడిని మోసుకుపోయే నీటి గొట్టాల ఉక్కు ఎంతకాలానికి ఎంత క్షయిస్తుందన్నది వారి ప్రశ్న. అటువంటి రియాక్టరు ఇంకా ఎక్కడా కరెంటు ఇవ్వడం లేదు కదా అని మేము ఆటపట్టిస్తే, "అది వచ్చేనాటికి గొట్టం తయారుండాలె గద!" అని నవ్వేవారు. ఇరవై నాలుగు ఉక్కు ముక్కలను మూత బిగించిన పాత్రలో, కాగే నీటిలో రెండేళ్ళు ఉంచి, కరెంటు పోయిన ప్రతి గంటనూ నోటుపుస్తకంలో రాసుకున్నారు. ముక్కలపై పేరుకున్న నల్లని పొరే వారి పరిశోధన సర్వస్వం.

1988 మార్చిలో ఆ ముక్కలను తీసి, తూచడానికి బల్లమీద ఆరబెట్టి వారు తరగతికి వెళ్ళారు. మరునాడు తనిఖీ బృందం రానుండగా, శాఖాధిపతినైన నేను అటెండరు బక్కమ్మను పిలిచి, "గీ గదిల నల్లగ కనబడ్డదల్లా తోమెయ్" అన్నాను. బల్లవైపు చూడనైనా లేదు.

వారు తిరిగి వచ్చేసరికి బక్కమ్మ గుమ్మంలోనే ఎదురైంది. "సారూ, జూడుండ్రి! చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమిన. ఎట్ల మెరుస్తున్నయో!"

దస్తగిరి గారు ఒక ముక్కను తీసి వెలుతురుకు తిప్పి చూశారు. "మంచిగ తోమినవ్ బక్కమ్మా. చేతులు మండుతున్నయా? పోయి జర నూనె రాసుకో" అన్నారు.

తన అజాగ్రత్త వల్లనే నమూనాలు పాడయ్యాయని వారు విశ్వవిద్యాలయానికి రాశారు. గడువు ముగిసింది. పట్టా రాలేదు. నేను నోరు విప్పలేదు.

బక్కమ్మ నిరుడు కన్నుమూసింది. తాను చేసినదేమిటో ఆమెకు చివరిదాకా తెలియనివ్వలేదు వారు. ఇక దాచవలసినది నా తప్పొక్కటే గనుక, నిన్న వారి ముందు నిలబడి చెప్పుకున్నాను.

"నాకు గప్పుడే ఎర్కే, అమరేందర్ గారూ. ఎవరన్న చెప్పకుండ ఆమె ఏనాడన్న ల్యాబుల ఒక్క సీసా ముట్టిందా? ఇగ ఫికర్ జెయ్యకుండ్రి" అంటూ సొరుగులోంచి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టారు. అది ఇంకా మెరుస్తూనే ఉంది.

మా కళాశాల పత్రిక ఈ సంచికలో వారి పేరుకు ముందు 'డాక్టర్' అని అచ్చువేయలేకపోయాము. అందుకు కారకుడను నేను. దస్తగిరి గారు శ్రీమతి బషీరున్నీసా గారితో కలిసి ఆరోగ్యంగా, నిశ్చింతగా నిండు నూరేళ్ళు జీవించాలని, క్షమించమని అడిగే అర్హత లేని ఈ సహోద్యోగి చేతులు జోడించి కోరుకుంటున్నాడు.