మెట్ల దాకా నడక

తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, చెయ్యి మెల్లగా సాగుతుంది. ఆసుపత్రిలో వార్డు ఊడుస్తున్నప్పుడు ఒక ముసలామె, నర్సు మాట్లాడుకోవడం విన్నాను.

“నిన్న మూడు చుట్లు నడిచాను సిస్టరమ్మా, నీతోనే.”

“నిన్న నాకు సెలవు పెద్దమ్మా.”

“చుట్టుకో గీత ఈ మంచం పక్కనున్న పలక మీద గీశాంగా. నావి మూడు, నీవి మూడు.”

“అవి నావి కావు. ఎక్కడిదాకా వెళ్లారు?”

“మెట్ల దాకా. నీ చెయ్యి చల్లగా ఉంది. కిందికి దిగితే ఇల్లేనన్నావు. నా కాళ్లు మొండికేశాయి, రేపు దిగుతాలే అన్నాను.”

“ఇవాళ ఎవరు లేపినా లేవకండి.”

“నడవనిదే ఇంటికి పంపరటగా?”

“ముందు ప్రాణం దక్కనివ్వండి. నేను ఇక్కడే కూర్చుంటాను, మీకు కాపలాగా.”

“నిన్నా ఈ మాటే అన్నావు. ఆ తరవాతే లేపావు.”

— ఆయమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాను.