పేరమ్మ ఇంటి తాళం

కాలవ దాటాక ఒక పాడునుయ్యి ఉంది చూశారూ, గిలక ఊడిపోయి, చుట్టూ జిల్లేళ్ళు మొలిచిపోయి, దాన్నే పేరమ్మ నుయ్యంటారు. మండువేసవిలో ఊళ్ళో నూతులన్నీ ఎండిపోయి కప్పలు దగ్గుతున్నా సరే, ఆ నూతిలో నీళ్ళు గట్టుదాకా ఉంటాయి, ఒంగితే దోసిలికి అందుతాయి, అయినా కాకి కూడా వాలదు. వెనకటికి ఒక గేదె తెలీక తాగేసిందిట, మర్నాటి నుంచీ పాలు పితకబోతే కుంకుడురసంలా నురగ వచ్చేదిట, పైగా అది మనిషిలా ముక్కు చీదేదిట. నవ్వకండర్రా, ఆ గేదెని చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. సరే, ఆ నూతి పక్కనున్న పేరమ్మ పెంకుటిల్లు మీద కన్ను పడింది తాతబ్బాయికి, కథంతా అక్కడే మొదలైంది.

తాతబ్బాయంటే పేరమ్మకి మరిది కొడుకు. తల్లి చిన్నప్పుడే పోతే, పిల్లలు లేని పేరమ్మే వాణ్ణి చంకనేసుకుని, నోట్లో ముద్దలు పెట్టి పెంచింది. పెరిగి ఏం చేశాడూ? మీసాలు పెంచాడు. వాడు వీధిలోకొస్తే ముందు మీసాలొచ్చేవి, కాసేపాగి మనిషొచ్చేవాడు. పెళ్ళయ్యాక వేరే ఇంట్లో కాపురం పెట్టాడు కానీ, పెద్దమ్మ ఎప్పుడు పోతుందా, ఆ ఇల్లు ఎప్పుడొస్తుందా అని గుమ్మంలో కూచుని ఎదురుచూస్తూనే ఉండేవాడు. ఆవిడేమో, మంచాన పడితే గంజి కాచి తెచ్చేది మా అన్నయ్య కూతురు నూకరత్నం కదా, ఇల్లు దానికే ఇస్తాను, పెద్దమనుషుల్ని పిలిచి వాళ్ళ ముందే చెప్పేస్తాను అంది. అనడం ఎప్పుడంది? జ్వరంతో కాగిపోతూ అంది.

ఆ మాట చెవిన పడగానే తాతబ్బాయికి మీసాలు నిలబడిపోయాయి. తిన్నగా సంతకెళ్ళి కొబ్బరికాయంత తాళంకప్ప ఒకటి పట్టుకొచ్చాడు. అప్పటికి మన ఊళ్ళో ఏ ఇంటికీ తాళం లేదర్రా. గొళ్ళెం పెట్టి, అందులో పుల్ల గుచ్చి పొలానికి పోవడమే. అందుకని వడ్రంగి ముసలయ్య వచ్చి ఆ తలుపుకి కొత్త కొండి కొడుతుంటే ఊరు ఊరంతా తీర్థానికొచ్చినట్టు వచ్చి చూసింది. తాతబ్బాయి అందరితోనూ ఏమన్నాడంటే, మా పెద్దమ్మకి ఒంట్లో బాగోలేదు, బయటికొస్తే పడిపోతుంది, పక్కనే నుయ్యాయె, అందుకని ఈ జాగ్రత్త అన్నాడు. ఆహా, కన్నకొడుకైనా ఇంత చూస్తాడా అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు కూడాను. వాడు తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకుని, నీళ్ళ కుండ అరుగు మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఇహ లోపలినుంచి పేరమ్మ తలుపు కొట్టడం మొదలుపెట్టింది. దాహం నాయనా, ఒక్క చెంబుడు నీళ్ళు అని. ఆ కొట్టుడికి కొబ్బరిచెట్ల మీంచి బొండాలు రాలాయంటారు, అవతలి ఊళ్ళో పెళ్ళివారు మేళం మనదేననుకుని లేచి నిలబడ్డారంటారు. నూకరత్నం గంజి పట్టుకొచ్చి తలుపు తోసి చూసి, తాళంచెవి కోసం పరిగెత్తితే, ఇప్పుడే పడుకుంది, లేపకు అన్నాడు తాతబ్బాయి. మరి ఊళ్ళోవాళ్ళు? అందరూ విన్నారు. గొళ్ళెమైతే ఎవరో ఒకరు తీసేసేవాళ్ళే. తాళం కదా, ఒకళ్ళింటి తాళం మనమెలా తీస్తాం అనుకుని, విన్నవాళ్ళందరూ చెవులు దులుపుకుని పనుల్లో పడ్డారు. మనుషులు పలక్కపోయేసరికి పేరమ్మ ఆ తాళంతోనే మాట్లాడటం మొదలెట్టింది. తలుపు సందులో నోరు పెట్టి, తాళమా, నా తల్లీ, నువ్వైనా ఊడవే అని బతిమాలింది. గొంతు ఆరిపోయేదాకా బతిమాలి, అలాగే తలుపుకి ఆనుకుని పోయింది.

పంతులుగారు లెక్క చూసి, ధనిష్ఠా పంచకంలో పోయింది, చెడ్డ నక్షత్రం, ఇల్లు ఆర్నెల్లు మూసెయ్యాలి, శవాన్ని గడప దాటించకూడదు అన్నారు. పోయినవాళ్ళు వెళ్ళిన దారినే వెనక్కొస్తారుట. అందుకని వెనకగోడకి కన్నం పెట్టి, అందులోంచి తీసుకెళ్ళి, ఆ కన్నం మళ్ళీ పూడ్చేస్తే, వాళ్ళు తిరిగొచ్చినా దారి తెలీక గోడ తడుముకుని పోతారుట. అలాగే చేశారు. అంతవరకూ బాగానే ఉంది.

తాతబ్బాయి చేసిన తెలివితక్కువ పని తరవాతది. పేరమ్మ ఇత్తడి బిందెలూ గంగాళాలూ తన ఇంటికి చేరవేసుకున్నాడు. నూకరత్నం తాలూకు వాళ్ళు వచ్చి పట్టుకుపోతారని భయం. అందుకని, దెయ్యమున్న ఇంటికి దొంగ రాడు కదా, అక్కడ తాళం దండగ అని, ఆ తలుపుకి కొబ్బరితాడు బిగించి, తాళం ఊడబెరికి తన తలుపుకి పెట్టించుకున్నాడు. ముసలయ్య కొండి కొడుతూ కొడుతూ, బాబూ, ఇది ఆవిడ ఏడుపు విన్న తాళం, ఏట్లో పారేసి కొత్తది తెచ్చుకోండి అని మొత్తుకున్నాడు. నీ పని నువ్వు చూసుకోరా అని కసిరాడు తాతబ్బాయి. చూశారా మరి? గోడలోంచి తీసి పేరమ్మ మరిచిపోయేలా చేసింది గుమ్మాన్నే. తాళాన్ని ఆవిడ మరిచిపోతుందా? దాన్ని వెతుక్కుంటూ తిన్నగా వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. వాడి పెళ్ళాం మంగతాయారు చంటాణ్ణి చంకనేసుకుని నీళ్ళకని కాలవకి వెళ్ళింది. తాతబ్బాయి లోపల బిందెలు తోముకుంటూ మురిసిపోతున్నాడు. తలుపు దానంతటదే మూసుకుంది. బయట టక్కుమని తాళం పడింది. ఏమే మంగా, పట్టపగలు సరసాలేంటే అన్నాడు నవ్వుతూ. అవతలినుంచి మెల్లగా, ముద్దుగా ఒక గొంతు అందీ, నీకు ఒంట్లో బాగోలేదు నాయనా, బయటికొస్తే పడిపోతావు అని.

వాడి మీసాలు జారిపోయి గడ్డానికి అంటుకున్నాయి. అప్పుడు దాహం మొదలైంది, ఎలాంటి దాహమనుకున్నారూ, సముద్రం పోసినా చాలని దాహం. బిందె కదిపితే లోపల నీళ్ళు తొణికిన చప్పుడు. ఎత్తి నోట్లో వంచుకుంటే చుక్క లేదు. ఇంకోటి కదిపాడు, అదీ అంతే. గంగాళంలో తలకాయ పెట్టి అడుగు నాకాడు. తలుపు బాదాడు, పెద్దమ్మా, తప్పయిపోయిందే, నూకరత్నానికే ఇచ్చేస్తానే అని గొల్లుమన్నాడు. అవతల తాళం ఊగుతూనే ఉంది. ఇరుగూ పొరుగూ విన్నారు. ఒకళ్ళింటి తాళం కదా అని ఎవరి అరుగు మీద వాళ్ళు కూచున్నారు.

మంగతాయారు వచ్చి లబోదిబోమంది. వాడు మొలతాడుకున్న తాళంచెవి తలుపు కిందనుంచి తోశాడు. చెవి తిరుగుతుంది, తాళం రాదు. ముసలయ్య గునపం పెడితే గునపం జంతికలా మెలిదిరిగిపోయింది. ఎడ్లని కట్టి లాగిస్తే ఎడ్లే వెనక్కి నడిచాయి. ఇహ గోడకి కన్నం పెట్టడమే అన్నారు. అది విని తాతబ్బాయి లోపలినుంచి, గోడ వద్దర్రా, మీకు దణ్ణం పెడతాను, గోడ వద్దు అని అరిచాడు. దానర్థం వాడికి తెలీదూ? కానీ నాలిక పిడచగట్టుకుపోతుంటే ఎంతసేపు వద్దంటాడు? కాసేపటికి వాడే, తవ్వండి, తొందరగా తవ్వండి అన్నాడు. కన్నంలోంచి కాళ్ళు పట్టుకుని బయటికి లాగారు, అచ్చం పేరమ్మని తీసినట్టే.

వాడు బయట పడ్డాడో లేదో, తాళం దానంతటదే ఊడి కింద పడింది, తలుపులు బార్లా తెరుచుకున్నాయి. తాతబ్బాయి ముంతెడు నీళ్ళు గటగటా తాగి, దాహం తీరక, లోపలికెళ్ళబోయాడు. మంగతాయారు గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఏవండీ, మీరు గోడలోంచి వచ్చారు, గడప తొక్కకండి, చంటిబిడ్డ ఉన్న ఇల్లు అంది. అదేంటే, నేను బతికే ఉన్నానే అన్నాడు. అవును కానీ, వద్దండీ అని ఏడ్చింది. పంతులుగారి వైపు చూస్తే ఆయన ఆకాశం వైపు చూశారు.

గోడలోంచి వచ్చినవాణ్ణి అరుగైనా ఎక్కనిచ్చేదెవరు? పొద్దు వాలేదాకా గుమ్మం గుమ్మం తిరిగి, చివరికి కాలవ దాటి, కొబ్బరితాడు విప్పుకుని ఆ ఇంట్లోకే వెళ్ళాడు. కావాలనుకున్న ఇల్లే, మొత్తానికి వచ్చింది. తెల్లారి చూస్తే ఆ తలుపుకి అదే తాళం వేలాడుతోంది. ఎవరు వేశారని ఎవరూ అడగలేదు. నూకరత్నం మాత్రం ఆ ఇల్లూ వద్దు, ఆ నీళ్ళూ వద్దని ఊరే వదిలి వెళ్ళిపోయింది.

కాబట్టి పిల్లలూ, అటు వెళ్ళకండి. వెళ్ళి తీరాలని దురద పుడితే ఇంట్లోనే కడుపునిండా నీళ్ళు తాగి వెళ్ళండి. లోపలినుంచి ఎవరైనా దాహమంటే జాలిపడి చెంబు చాపకండి. అక్కడ ఇద్దరున్నారు, ఒకళ్ళు అడుగుతారు, ఇంకొకళ్ళు ఇవ్వనివ్వరు. మధ్యలో మీ చెయ్యి పోతుంది.