పేరు, రోల్ నంబరు

పొద్దున తొమ్మిదిన్నర. యూనివర్సిటీ ఆరోగ్య కేంద్రంలో ఇంజెక్షన్ల గది. అక్కడి నర్సు, మూడో సంవత్సరం చదివే హాస్టల్ అమ్మాయి.

"చెయ్యి వదులుగా పెట్టమ్మా. బీపీ చూస్తుంటే పిడికిలి బిగిస్తావేం?"

"బీపీ కోసం రాలేదు సిస్టర్."

"చీటీలో తలనొప్పని రాశావుగా."

"ఏదో ఒకటి రాయాలి కదా. రాయకపోతే లోపలికి పంపనన్నారు."

"నిద్రపోతున్నావా అసలు?"

"పదకొండింటికి విచారణ. నన్ను పిలిచారు. నేను టీచరమ్మ రూమ్మేట్‌ని."

"టీచరమ్మంటే?"

"అదే... పోయిన ఆదివారం మా గదిలో చనిపోయిన... ఆ అమ్మాయి. పరీక్షలప్పుడు మా అంతస్తంతా దాని దగ్గరే పాఠాలు చెప్పించుకునేవాళ్లం. అందుకని ఆ పేరు."

"ఊఁ. ఇలా కూర్చో. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతుంది."

"ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీలో మీరే కదా?"

"ఆదివారాలు నేనొక్కదాన్నే. డాక్టరుగారు రారు."

"మీకో ఫోనొచ్చింది."

"చాలా వస్తాయమ్మా."

"మూడున్నరకి. తాగిన మనిషి, పైన నిద్రమాత్రలు కూడా వేసుకుని, ఎంత లేపినా లేవకపోతే ఏం చెయ్యాలని అడిగారు. మీరు పేరు, రోల్ నంబరు చెప్పమన్నారు."

"అడగాలి మరి. పేరు రాసుకున్నాకే అంబులెన్సు పంపమన్నారు మమ్మల్ని. సాయంత్రానికల్లా ఆ పేర్లు ఆఫీసుకి చేరాలి. తాగినవాళ్లవీ, గదిలో ఉన్నవాళ్లవీ."

"తెలుసు. మెట్ల దగ్గర గోడకంటించారుగా. మొదటిసారికే హాస్టల్ ఖాళీ చెయ్యాలి. రెండోసారికి యూనివర్సిటీ నుంచే పేరు కొట్టేస్తారు. పక్కన కూర్చుని చూసినవాళ్లకీ అదే. అందుకే పెట్టేశాను... ఫోన్ చేసింది నేనే సిస్టర్."

"నీళ్లు తాగు."

"వద్దు."

"తాగమంటున్నా. ఆ రోజు నువ్వూ తాగావా?"

"రెండు గుక్కలు. టీచరమ్మకి ఒక పేపరు పోయింది. మా అందరికీ తను చెప్పిన పేపరే. మేమంతా గట్టెక్కాం, అది తప్పింది. నవ్వుతూనే తాగింది. రెండు రాత్రుల నుంచీ కంటిమీద కునుకు లేదని, ఎవరో ఇచ్చిన మాత్రలు వేసుకుంది. వేసుకునేటప్పుడు నేను చూడలేదు, ఖాళీ అట్ట తర్వాత కనబడింది. చూసుంటే..."

"చూసుంటే ఏం చేసేదానివి?"

"ఏమో. ఏమీ చేసేదాన్ని కాదేమో."

"తర్వాత?"

"పక్కకి తిప్పి పడుకోబెట్టాను. గురక పెడుతుంటే బాగానే ఉందనుకున్నాను. ఆరింటికి గురక ఆగింది. హమ్మయ్య, నిద్ర పట్టిందిలే అంది పక్కగది అమ్మాయి."

"వద్దులే. ఇక చెప్పకు."

"చెప్పనివ్వండి. నిన్న వార్డెన్ మేడమ్ గదికొచ్చారు. ఆ టైములో నేను లైబ్రరీలో ఉన్నానని చెప్పమన్నారు. నీ చదువూ నిలుస్తుంది, హాస్టల్ పరువూ నిలుస్తుంది, పోయిన పిల్ల ఎలాగూ తిరిగి రాదన్నారు. అప్పటికి నాక్కూడా అదే మంచిదనిపించింది. తర్వాత దాని బట్టలు తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చింది. దగ్గర ఎవరూ లేకుండా పోయిందా తల్లీ అని అడిగింది."

"ఏమన్నావు?"

"అవునన్నాను. అవునన్నాను సిస్టర్."

"మరి నా దగ్గరికెందుకొచ్చావు?"

"ఇవాళ విచారణలో ఫోన్ సంగతి చెప్పేస్తాను. పేరడగ్గానే భయపడి పెట్టేశానని చెప్తాను. మీ పేరు కూడా బయటికొస్తుంది, ముందే ఓ మాట చెబుదామని వచ్చాను. మీ తప్పేం లేదని కూడా చెప్తాను."

"రిజిస్టరులో ఆ ఫోను లేదు. నేను రాయలేదు."

"ఎందుకని?"

"పోయినేడు ఒక పిల్ల పేరు రాశాను. మర్నాడు పెట్టె పట్టుకుని ఆ గేటు దాటుతుంటే ఈ కిటికీలోంచే చూశాను. ఇంకో ఆడపిల్ల పేరు నా చేత్తో రాయకూడదనుకున్నాను. పడుకుని లేస్తుందిలే అనుకున్నాను."

"అయినా మీరు మాత్రం ఏం చేస్తారు లెండి. ఎవరో తెలీదు, ఏ గదో తెలీదు. నేను చెప్పుంటే వచ్చేవారు కదా?"

"మీ హాస్టల్ గది ఫోన్లోంచి ఎవరు చేసినా ఇక్కడి ఫోను తెరమీద గది నంబరు పడుతుందమ్మా. నాలుగింటికి మీ తలుపు దాకా వచ్చాను. తట్టకుండా వెళ్లిపోయాను."