టెంకాయ నిలబడిన చోటు

ఇంగా ఆలోచనేనా మామా? ఆకువక్కల తట్ట ముందర పెట్టుకోని పొద్దున్నించీ ఆ తిన్నె మీదనే కూర్చోనుండావే! పోతానో, పోనో, ఏదో ఒకటి చెప్పకూడదా?

అట్టల ఫ్యాక్టరీ మేనేజరు ధనంజయ సారు తానే జీపులో వచ్చి అడిగినాడు గదా. "మునస్వామన్నా, మా బోరులో నీళ్లు తగ్గిపోయినాయి. ఇంగొక చోట నీళ్లు యాడ పడతాయో టెంకాయ పట్టి చూపించాల" అని. ఎంత మర్యాద! మన బావిని తాగేసినోళ్లకి మర్యాదకేం తక్కువలే.

ఏమి, అట్ల చూస్తావు? నేను అనకూడదా? మన చేను పక్క కయ్య కుప్పమ్మ బావిలో అడుగున ఇంగా నీళ్లుండాయి. అడిగితే ఒక కడవ ఇస్తాది. ఇస్తా ఇస్తా, "నీ మొగుడే గదా వాళ్లకి చూపించింది" అంటాది. నీళ్లకంటే ఆ మాటే బరువబ్బా, ఇంటిదాకా మోసేదానికి.

ఫ్యాక్టరీ బోరు వేసేముందర చిత్తూరునించి భూమిలో నీళ్లు చూసే సారు వచ్చిండ్లా, కృష్ణమూర్తి సారు? ఇనప కమ్ములు దిగ్గొట్టి, వైర్లు లాగి, మిషను చూసుకుంటా పోయి ఒక చోట నిలబడినాడు. నువ్వు అరచేతిలో టెంకాయ పెట్టుకోని అవతలి పక్కనించి వస్తివి. ఇద్దరూ ఒకే చోట! కాయ లేచి నిలబడింది. ఎంత మురిసిపోయినావు! సారు భుజం తట్టినాడని ఊరంతా చెప్పుకుంటివి.

ఆ సారే గదా చెప్పింది? కిందంతా ఒకటే బండ, నీళ్లు నిలిచేదానికి చోటు లేదు, బండలో ఒక నెర్రె ఉండాది, నీళ్లన్నీ దాంట్లోనే పారతాండాయి, అది మీ కయ్య పక్కకే పోతాన్నట్లుండాది, ఆడ గూడా చూద్దాం రా అని.

నువ్వేమంటివి? "సొంత కయ్యలో కాయ పట్టకూడదు సార్. మా నాయన మాట. పడితే చేతిలో గుణం పోతాది" అంటివి. ఆ మిషను గూడా మన గట్టు దాటనీకుండా అడ్డం నిలబడితివి.

పట్టింటే ఏమయ్యేది? గుణం పోయేది. పోతే పోనీ! ఆ నెర్రె మన బావిదేనని బోరు వేయకముందే తెలిసేది, బావి మిగిలేది గదా మామా!

కరువులో గూడా కడవ మునిగిన బావి. ఇప్పుడు తొంగిచూస్తే బండ కనిపిస్తాది. చెనిక్కాయ చెట్లు కాయ పట్టకముందే ఎండిపాయ. ఊరి బోరింగు నీళ్లేమో ఒకటే ఉప్పు. దాంట్లో కందిబేడలు ఎంతసేపు ఉడికించినా పంటికింద రాళ్ల మాదిరి తగలతాయి. అయినా నువ్వు ఒట్టు పెట్టినావు, ఫ్యాక్టరీ నీళ్లు మన గడప తొక్కకూడదని.

ఒక మాట చెప్తా, కోప్పడొద్దు.

ఈ మధ్య పప్పు వెన్న మాదిరి ఉడుకుతాండాదే అంటివి గదా. మళ్లా పెట్టించుకోని తింటివి గదా. ఏ నీళ్లనుకున్నావు? ఫ్యాక్టరీ గేటు కాడ వాచ్‌మన్ మునిరామయ్యన్న లేడా, "దా, అలివేలమ్మా" అని కొళాయి తిప్పతాడు. నేను కడవ పట్టుకుంటా.

మొదటి తూరి దోసిట్లో పట్టి తాగినా. మన బావి నీళ్లే! అదే తీపి. ఆ గేటు కాడనే నిలబడి ఏడ్చేసినా. ఏడ్చి, కడవ నెత్తికెత్తుకోని వచ్చినా. ఇంకేం చేసేది?

ఇప్పుడా బోరు ఎండిపోతే ఆ కొళాయి గూడా నిలిచిపోతాది. అందుకే చెప్తాండా. లెయ్యి. తువ్వాలు భుజాన వేసుకో. మంచి కాయ ఒకటి ఎంచి తలుపు పక్కన పెట్టినా.

ఏమి? కుప్పమ్మ బావి గూడా ఎండిపోతే అంటావా?

ఈతూరి ఆ నెర్రె ఎవురి బావి కిందికి పోతాదో నన్ను అడగొద్దు. ఆ మిషను సారు వస్తే ఆయన్ని గూడా అడగొద్దు. పో మామా, పొద్దెక్కతాండాది. నువ్వొచ్చేలోపల నేను బేడలు ఎసట్లో వేస్తా.